అమ్మను అడుగు

నా చిన్నప్పుడు నాకు కుదురు లేదని మా ఇంట్లో అందరూ అనేవాళ్ళు. ఇప్పుడూ అంటారు, కాకపోతే వయసుకి మర్యాదిచ్చి నా వెనకాల అంటారు. ఎవరైనా ఒక మాట అనేసి, ఇంక అయిపోయింది లేవండి అన్నట్టు చేతులు దులుపుకుంటే నాకు లోపల ఏదో గీరినట్టుండేది. ఎట్లా అయిపోయింది, అయిపోయిందని ఎవరు చెప్పారు అని మొదలుపెట్టేదాన్ని. మా అమ్మది అనంతపురం వైపు. "ఏమ్మే, బడికన్నా ఆదివారం సెలవుంటాదే, నీ నోటికి ఆ మాత్రం కూడా లేదు గదా" అని నెత్తిన ఒక మొట్టికాయ వేసేది. ఆ మొట్టికాయకి కూడా కారణం అడిగేదాన్ని.

మొన్న యూనివర్సిటీలో పిల్లలెవరో ఫిల్మ్ క్లబ్బు పెట్టి, దేవుణ్ణి వెతుక్కునేవాళ్ళ గురించీ క్షమ గురించీ వచ్చిన సినిమాలు వరసగా వేస్తుంటే వెళ్ళాను. ఒకదాంట్లో ఊరంతా కలిసి ఒక హంతకుణ్ణి క్షమించేసింది. గంటలు మోగాయి, ఆకాశం చూపించారు. నా పక్కన కూర్చున్న పిల్ల కళ్ళు తుడుచుకుంటోంది. నేను మాత్రం కుర్చీలో అటూ ఇటూ కదులుతున్నాను. చచ్చినవాడి పెళ్ళాం ఏదీ, ఆమె ముఖం ఒక్కసారైనా చూపించారా అని. "ఆంటీ, బాగా లేదా?" అని అడిగింది ఆ పిల్ల. బాగానే ఉందమ్మా, నాకే ఒకచోట కూర్చోవడం చేతకాదు అన్నాను. ఆ చేతకానితనం నాకెక్కడ అంటుకుందో తెలుసు. ఆ హాలుకి కాస్త దూరంలోనే, తార్నాకలో.

మా నాన్న యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. మాకు క్యాంపస్‌లోనే క్వార్టర్సు ఇచ్చారు. వెనక గోడకి అవతల మాణికేశ్వర్ నగర్, ముందు రోడ్డు పట్టుకుని నడిస్తే తార్నాక. పక్కింట్లో హెల్త్ సెంటర్ నర్సు ఉండేది. అందరం సిస్టరమ్మ అనేవాళ్ళం. ఆమె కూతురు యూనివర్సిటీలోనే ఎమ్మే ఇంగ్లీషు చదువుతుండేది. ఆ పక్కింటి అక్క అంటే నాకు ప్రాణం. మిగతా పెద్దవాళ్ళంతా నా నోరు మూయించేవాళ్ళు. ఆమె మాత్రం "గట్లెట్ల?" అని ఎదురు ప్రశ్న వేసి, నేను చెప్పేది చివరిదాకా విని, ఆ తర్వాత ఓడించేది. ఓడిపోయినా గౌరవంగా ఉండేది.

సిస్టరమ్మ సూది ఎడమచేత్తో వేసేది. కుడి మణికట్టు ఆమెకి తిరిగేది కాదు. అన్నం కలుపుకునేటప్పుడు మోచెయ్యి పైకెత్తి, భుజం నుంచి తిప్పి కలుపుకునేది. అది భర్త విరిచిన చెయ్యి అని క్వార్టర్సులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. వాళ్ళు వారాసిగూడలో అద్దెకున్నప్పటి సంగతి. తాగి వచ్చి విరిచాడట. కొన్నాళ్ళకి దుబాయి వెళ్ళిపోయాడు. బతికున్నాడో లేదో కూడా చాలా ఏళ్ళు వీళ్ళకి తెలియలేదు.

వాళ్ళు వెళ్ళే చర్చి తార్నాకలో ఉండేది. ఈస్టరుకి ముందు వచ్చే ఉపవాస దినాల్లో శనివారం మధ్యాహ్నాలు ఆ చర్చి హాల్లో సినిమాలు వేసేవాళ్ళు. కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడకి తెల్ల గుడ్డ బిగించి, వెనక బల్ల మీద ప్రొజెక్టరు పెట్టేవాళ్ళు. సినిమాలన్నీ ఇంగ్లీషువి. చూడవచ్చేవాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు రాదు. అందుకని తెర పక్కన ఒక మైకు పెట్టేవాళ్ళు. బయటి దేశాల నుంచి ప్రసంగం చెయ్యడానికి వచ్చినాయన పక్కన నిలబడి ఒకరు వెంటవెంటనే తెలుగులో చెబుతుంటారు చూడండి, అట్లాగే సినిమాకి కూడా. ఆ పని పక్కింటి అక్కది. తెర మీద రాజు మాట్లాడితే ఆమే రాజు, ముసలమ్మ మాట్లాడితే ఆమే ముసలమ్మ. మైకులో ఆమె మాట్లాడే తెలుగు ఇంట్లో తెలుగు కాదు. అచ్చు పుస్తకంలోంచి లేచి వచ్చినట్టుండేది. "నీవు ఎక్కడికి వెళ్ళుచున్నావు?" అని రాజు అడిగేవాడు. ఇంటికొచ్చాక ఆ రాజే "ఏందే, గీడ నా చెప్పులేవి?" అనేవాడు.

నన్ను వెంట తీసుకెళ్ళేది. తెర పక్కనే, ఆమె కాళ్ళ దగ్గర చాప మీద కూర్చునేదాన్ని. మా అమ్మకి అభ్యంతరం లేదు. "దేవుని సినిమానే కదా, యా దేవుడైతే ఏమి. రొండు గంటలు ఇల్లు నిమ్మళంగా ఉంటాది" అనేది.

ఒక శనివారం ఏసుప్రభువు సినిమా వేశారు. సిలువ మీద మేకులు కొట్టించుకుంటూ ఆయన, ఈ కొట్టేవాళ్ళని క్షమించమని పైనున్న తండ్రిని అడుగుతాడు. హాలంతా వెక్కి వెక్కి ఏడ్చింది. నేను మాత్రం దారి పొడుగునా అక్కని వేపుకుతిన్నాను. అంత నొప్పిలో ఎవరైనా అట్లా అంటారా, అనొచ్చా, అంటే కొట్టినవాళ్ళకి బుద్ధి ఎట్లా వస్తుంది అని. క్యాంపస్ గేటు దాటాక అక్క అంది. "నాకు గూడ అన్నీ సమజ్ కావే. కానీ ఒక్కటి చూసినవా? గా మాట దెబ్బ తిన్నాయన నోట్లెకెల్లి వచ్చింది. కింద నిలబడి చూసేటోళ్ళు అనలే."

అప్పుడు నాకు అది పెద్ద మాటగా అనిపించలేదు. వాదనలో తప్పించుకోవడానికి అన్నదనుకున్నాను.

ఆ తర్వాత నాకు జ్వరమొచ్చి, సూది కోసం హెల్త్ సెంటర్లో బెంచీ మీద కూర్చున్నాను. నా ముందు ఒకామె, అంబర్‌పేట నుంచి వచ్చింది, వాళ్ళాయన యూనివర్సిటీలో తోటపని. సిస్టరమ్మ సూది ఎక్కిస్తుంటే ఆమె నోరు ఊరుకోలేదు. "సిస్టరమ్మా, నిన్న మా దిక్కు సభ అయింది. దుబాయికెల్లి వచ్చినాయనంట, తన బతుకు ఎట్ల మారిందో సాక్ష్యం చెప్పిండు. ఎనకట తాగి పెండ్లాం చెయ్యి ఇరగ్గొట్టిండంట. ఆడ ఎడారిల దేవుని ఎతుక్కుంట ఎతుక్కుంట తిరిగి, మారుమనసు పొందిండంట. దేవుడు అన్నీ మాఫ్ చేసిండంట. ఎంత ఏడ్సినమో! ఆయన ఏడ్సుడు, మేం ఏడ్సుడు."

సిస్టరమ్మ సూది బయటికి తీసి దూది అద్దింది.

"ఎటు చెయ్యంట?" అంది.

"ఆఁ?"

"ఇరిగింది ఎటు చెయ్యంట?"

"అది చెప్పలేదమ్మా."

"రుద్దుకో. లేకుంటే గడ్డ కడతది" అంది సిస్టరమ్మ. తర్వాత నన్ను పిలిచింది. నాకూ ఆ ఎడమచేత్తో, ఎప్పటిలాగే సూది వేసింది. అదే నన్ను భయపెట్టింది.

సాయంత్రానికి ఈ సంగతి అక్కకి చేరకుండా ఉంటుందా, నేనుండగా? అక్క ఇంటి ముందు కుండీలకి నీళ్ళు పోస్తోంది. నేను చెప్పిందంతా విని చెంబు కింద పెట్టింది. "దేవుడు మాఫ్ చేసిండంటనా?" అని నవ్వింది. నవ్వులా లేదు అది. "ఎందుకు చెయ్యడే. ఇరిగింది దేవుని చెయ్యా?" మళ్ళీ చెంబు తీసుకుంది కానీ, కుండీ నిండి, నీళ్ళు అరుగు మీదికి వచ్చి, నా కాళ్ళు తడిసేదాకా ఒకే మొక్కకి పోస్తూ ఉండిపోయింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఒక రకమైన అలజడి మొదలైంది. సిస్టరమ్మ డ్యూటీ నుంచి వచ్చి, వంట చేసి, ప్రార్థన చేసుకుని పడుకునేది. ఆమెలో మార్పు లేదు. అక్క మాత్రం కూర్చున్నచోట కూర్చునేది కాదు. పుస్తకం తెరిచేది, మూసేది, లేచి గేటు దాకా వెళ్ళి వచ్చేది. నాతో వాదన పెట్టుకోవడం కూడా మానేసింది. నేను ఏమన్నా "అవునే" అనేసేది. అంతకన్నా దిక్కుమాలిన స్థితి ఏముంటుంది?

ఆ చర్చి అయ్యగారు, అంటే పాస్టరు, మంచివారు. ఎవరింట్లో జబ్బు చేసినా సైకిలేసుకుని ముందు ఆయనే వచ్చేవారు. మేము క్రైస్తవులం కాకపోయినా మా నాన్నకి పచ్చకామెర్లు వచ్చినప్పుడు వచ్చి పలకరించి, చెరుకు రసం తెచ్చిచ్చి వెళ్ళారు. ఆయన గుంటూరు వైపు మనిషి. తొందర ఎక్కువ. మంచి జరిగేది ఎట్లాగూ జరుగుతుంది కదా, అదేదో ఈ శనివారమే జరిగితే పోలా అనుకునే రకం. ఆయన అక్కని పిలిచి, వచ్చే సినిమా చాలా ముఖ్యమైంది, ముందే ఒకసారి చూసి మాటలు సిద్ధం చేసుకోమన్నారు. "ఈ సినిమా నీకోసమే వచ్చిందనుకో తల్లీ" అన్నారట. ఎందుకన్నారో అక్కకి అప్పుడు తట్టలేదు.

ముందు రోజు ఖాళీ హాల్లో మా ఇద్దరి కోసం ఆ సినిమా తిప్పారు. ఒక చలి దేశంలో ఒక తండ్రి. కోపిష్టి. భార్యని బాధపెట్టి, బిడ్డని వదిలేసి వెళ్ళిపోతాడు. మొదటి రీలులోనే ఆ తల్లి చచ్చిపోతుంది, మంచులో గొయ్యి తవ్వి పూడుస్తారు. తండ్రి ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు, గుళ్ళలో పడుకుంటాడు, దేవుడున్నాడా అని అందరినీ అడుగుతాడు. చివరి రీలులో ముసలివాడై సొంత ఇంటి తలుపు తడతాడు. కూతురు తలుపు తీస్తుంది. ఆయన నోరు తెరవకముందే ఆమె అంటుంది, అమ్మ నిన్ను ఎప్పుడో క్షమించింది, నేనూ క్షమించాను అని. ఆయన గడప మీద కూలబడతాడు, ఆమె లోపలికి తీసుకెళ్ళి రొట్టె పెడుతుంది. అంతే.

తిరిగి వస్తూ అక్క ఆ ఒక్క మాటనీ పదే పదే పైకి అనుకుంటోంది. "నిన్ను క్షమించాను. నేను నిన్ను క్షమించియున్నాను."

"పాఠం ఒప్పజెబుతున్నట్టుంది" అన్నాను. "మా ఇంట్లో ఎవరూ క్షమించాను అనరు."

"మరేమంటరే మీ ఇంట్ల?"

"పోనీలే అంటారు."

"పోనీలే అంటే పోతదా?"

నిజాయితీగా ఆలోచించాను. "పోదు. మా నాన్న మా చిన్నాన్నని పోనీలే అన్నాడు. అని, పండగ పండగకీ తిడతాడు."

అక్క చాలా రోజుల తర్వాత నవ్వింది. తార్నాక బస్టాపు దగ్గరికి వచ్చాం. ఒక బిచ్చగాడు చెయ్యి చాపితే, గొడుగు పట్టుకున్న పెద్దమనిషి ముఖం తిప్పుకుని "మాఫ్ కరో బాబా" అన్నాడు. అక్క అక్కడే ఆగిపోయింది. "ఇన్నవానే? మన పట్నంల మాఫ్ అంటే గిదే. నా ముందలకెల్లి జరుగు అని." మళ్ళీ నడక మొదలుపెట్టాక, నాతో కాదు, తనలో తనే అంది. "గట్ల చెప్పుమంటే ఇప్పుడే చెప్త."

శనివారం ఎండ మండిపోతోంది. దుప్పట్లు కట్టిన హాలు ఆవిరి కుండలా ఉంది. జనం ఎప్పటికన్నా ఎక్కువ. సిస్టరమ్మ డ్యూటీ దిగి తిన్నగా వచ్చింది, తెల్లచీరతోనే. వెనక తలుపు పక్కన ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చుంది. అక్క మైకు ఊది సరిచేసుకుంటోంది. అప్పుడు అయ్యగారు పక్క తలుపులోంచి ఒకాయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మొదటి వరసలో, సరిగ్గా మైకుకి ఎదురుగా కూర్చోబెట్టారు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, జిప్పు సంచీలో బైబిలు. నేను ఆయన్ని ఎన్నడూ చూడలేదు. అయినా అక్క ముక్కూ ఆయన ముక్కూ ఒకటే అని ఎవరికైనా తెలిసిపోతుంది.

అయ్యగారు అక్క చెవి దగ్గరికి వంగి, సంతోషం పట్టలేక అన్నారు. "తల్లీ, సినిమా అయిపోగానే లైట్లు వేస్తాం. నాన్నగారు సాక్ష్యం చెబుతారు. చివర్లో నువ్వు వచ్చి ఆయన పక్కన నిలబడితే చాలు. ఇంకేమీ మాట్లాడక్కర్లేదు. ఎంతమందికి దీవెనో ఆలోచించు."

"అమ్మకు చెప్పిండ్రా అయ్యగారూ?" అంది అక్క.

"సిస్టరుగారు చాలా ఓర్పుగల తల్లి. ఆమెకి చెప్పడానికేముంది?" అన్నారాయన, నిజంగా అర్థం కాక. ఈలోగా వెనక ఎవరో లైటు ఆర్పేశారు.

నేను చాప మీదినుంచి అక్క ముఖం తప్ప ఇంకేమీ చూడలేదు. తెర మీది వెలుగు ఆమె చెంప మీద పడి మారుతోంది. మొదటి రీలు బాగానే చెప్పింది. రీలు మార్చినప్పుడల్లా లైటు వేసేవాళ్ళు, అప్పుడల్లా మొదటి వరసలో ఆయన అక్క వంక చూసి చిన్నగా తలాడించేవాడు. మనిద్దరి మధ్యా అంతా సర్దుకుంది కదా అన్నట్టు. ఆ తలాడింపు చూస్తే నాకే ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. ఆమెకెట్లా ఉందో.

చివరి రీలు. మంచులో ముసలివాడు నడిచి వస్తున్నాడు. తలుపు తట్టాడు. కూతురు తీసింది. ఇంగ్లీషులో ఆ మాట అనేసింది. అక్క మైకు దగ్గర నిలబడే ఉంది. తెలుగు రాలేదు. ఫ్యాన్లు కీచుమంటున్నాయి, ప్రొజెక్టరు టకటకలాడుతోంది. జనం తెర మానేసి మైకు వైపు తిరిగారు. నేను అక్క చీర కుచ్చిళ్ళు పట్టి లాగాను, మరిచిపోయిందేమోనని.

అప్పుడు అంది. పుస్తకం తెలుగులో కాదు. కుండీలకి నీళ్ళు పోస్తూ మాట్లాడే తెలుగులో.

"అమ్మను అడుగు."

హాల్లో ఒక గుసగుస లేచింది. ఇంగ్లీషు వచ్చిన నలుగురు స్టూడెంట్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడో వరసలోంచి ఒక ముసలామె గట్టిగానే అడిగేసింది. "అమ్మ ఏడున్నదే? గామెను మొదాలే బొంద పెట్టిండ్రు గద!" కొందరు నవ్వారు. ఇంకెవరో "ఊకో అవ్వా, ఇను" అన్నారు.

అక్క మైకుకి ఇంకా దగ్గరగా వచ్చింది. "నన్ను గాదు. అమ్మను అడుగు. అమ్మ గీడనే ఉన్నది."

నవ్వు ఆగిపోయింది. తెలిసినవాళ్ళు వెనక్కి తిరిగి తలుపు దగ్గరి కుర్చీ వైపు చూశారు. తెలియనివాళ్ళు వాళ్ళని చూసి తిరిగారు. తెర మీద ఆ పరాయి దేశపు ముసలివాడు గడప మీద కూలబడి ఏడుస్తున్నాడు, అతణ్ణి చూసేవాళ్ళే లేరు. మొదటి వరసలో మనిషి లేచి నిలబడ్డాడు. ప్రొజెక్టరు వెలుతురికి అడ్డంగా లేచాడేమో, ఆయన నీడ నల్లగా తెరంతా కప్పేసింది. "ఏ, కూసో!", "తల దించు భాయ్!" అని వెనకనుంచి కుర్రాళ్ళు అరిచారు. ఆయన కూర్చోలేదు. మైకు వైపు వెళ్ళనూ లేదు. జిప్పు సంచీ కుర్చీలోనే వదిలేసి, మనుషుల మోకాళ్ళకి తగులుకుంటూ, తప్పుకోమంటూ, ఆ నడిమి సందులోంచి వెనక్కి నడిచాడు.

ఆయన తన దగ్గరికి వచ్చేదాకా సిస్టరమ్మ ఆగలేదు. లేచి, తలుపు తీసుకుని బయటికి నడిచింది. ఆమె వెనకాల ఆయన. తలుపులోంచి ఎండ ఒక పలకలా హాల్లోకి పడి, మళ్ళీ మూసుకుంది.

నా కాళ్ళు నిలవలేదు. లేచి పరిగెత్తబోయాను. అక్క ఒక చేత్తో నా జడ మెడ దగ్గర పట్టుకుని మళ్ళీ చాప మీద కూలేసింది. ఆ చెయ్యి వదలకుండానే, తెర మీద మిగిలిన మాటలన్నీ తెలుగులో చెప్పింది. ఆ కూతురు తండ్రికి రొట్టె పెట్టింది, పొయ్యి ఎగదోసింది, ప్రార్థన చదివింది. అన్నీ మళ్ళీ పుస్తకం తెలుగులోనే, ఒక్క ముక్క పోకుండా. వెనక్కి తిరిగి ఆ తలుపు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె గోళ్ళు నా మెడ మీద గుచ్చుకుంటూనే ఉన్నాయి.

లైట్లు వేశారు. అయ్యగారు ఖాళీ కుర్చీనీ జిప్పు సంచీనీ చూసి, "ఇదేంటి తల్లీ ఇట్లా చేశావు? సాక్ష్యానికి అంతా సిద్ధం చేశాను కదమ్మా" అన్నారు. కోపంగా కాదు, పెళ్ళిలో వడ్డన ఆగిపోయినంత దిగులుగా.

"అయ్యగారూ, కోర్టుల సాక్ష్యం ఎవరు చెప్తరు? చూసినోళ్ళు, దెబ్బ తిన్నోళ్ళు గద? కొట్టినోడు చెప్తే దాన్ని సాక్ష్యమంటరా?"

అయ్యగారు జనం వైపు తిరిగి, ప్రార్థన చేసుకుందాం అన్నారు. ఆయన జీవితంలో అంత పొట్టి ప్రార్థన ఎప్పుడూ చెయ్యలేదని తర్వాత అందరూ చెప్పుకున్నారు.

మేము బయటికి వచ్చేసరికి సిస్టరమ్మ చర్చి మెట్ల మీద నీడలో కూర్చుని ఉంది. ఆయన కింద ఎండలో, మట్టిలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా చెమటకి వీపున అతుక్కుపోయింది. వాళ్ళేం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో మాకు తెలియదు. సిస్టరమ్మ మమ్మల్ని చూసి లేచింది. వెళ్ళబోతూ ఆయనతో, రోగులతో మాట్లాడే గొంతుతో అంది. "నీడకు జరుగు. తల తిరుగుతది." ఆయన ఆశగా మెట్టు మీద కాలు పెట్టాడు. "నీడకు అన్న. గంతే" అంది. చెప్పులు వేసుకుని నడిచింది.

తార్నాక నుంచి క్యాంపస్ దాకా సిస్టరమ్మ ముందు, మేమిద్దరం వెనక. నాకు ఆగుతుందా? "అక్కా, తప్పు చెప్పావు. సినిమాలో అట్లా లేదు" అన్నాను.

"అవు. తప్పే."

"మరెందుకు చెప్పావు?"

"సినిమాల గా పిల్ల చెప్పింది తెలుగుల చెప్పుడు నా పని. చెప్దామనే నోరు తెరిచిన. కానీ గాయన నా ముందలనే కూసున్నడు. నేను క్షమించిన అంటే గాయన తన కోసమే అన్ననుకుంటడు. అమ్మ కూడ క్షమించింది అంటే అదీ నిజమనుకుంటడు. మా అమ్మ దిక్కెల్లి మాఫ్ చేసుడు నా పని గాదే పిల్లా. నా పని గాదు, అయ్యగారి పని గాదు."

"మరి దేవుడు?"

ఈసారి చాలా దూరం నడిచింది. నేను గెలిచాననే అనుకున్నాను.

"దేవుడు చేస్తే చేసిండు. నేనెవర్ని వద్దనెటందుకు? కానీ దేవుడైతే ముందుగాల మా ఇంటికి పోయి రమ్మని తోలుతుండెనేమో అనిపిస్తది. నాకు గట్ల అనిపిస్తది, అంతే. తప్పు కావొచ్చు." తర్వాత నా మెడ మీద తన గోళ్ళ గుర్తులు చూసి, "అయ్యో, నేనేనా?" అంది. దారిలో బడ్డీకొట్టు దగ్గర ఆగి ఐసుముక్క అడిగి పెట్టింది. ఐసు కరిగి వీపులోకి కారుతుంటే ఎగురుకుంటూ ఇంటికి వెళ్ళాను.

ఆయన ఆ తర్వాత ఏ సభలోనూ ఆ సాక్ష్యం చెప్పలేదని విన్నాం. అప్పుడప్పుడు ఆదివారం మధ్యాహ్నం సిస్టరమ్మ గేటు బయట వచ్చి నిలబడేవాడు. మా అమ్మ కిటికీలోంచి చూసి "మళ్ళా వచ్చినాడు పాపం" అనేది ఒకసారి, "ఏం పాపం, నిలబడనీ" అనేది ఇంకోసారి. సిస్టరమ్మ కొన్నిసార్లు కుర్చీ వేసేది, కొన్నిసార్లు వేసేది కాదు. వేసిన రోజు ఎందుకు వేసిందో, వెయ్యని రోజు ఎందుకు వెయ్యలేదో కనుక్కోమని అక్కని పీడించాను. "నేనే అడగలే, నువ్వెట్ల అడుగుతవే?" అంది. ఆ తర్వాత మా నాన్న సొంత ఇల్లు కట్టుకుని క్వార్టర్సు ఖాళీ చేశాడు. ఆ కథ చివరికి ఎక్కడికి చేరిందో నాకు తెలియదు. తెలియకపోవడం మొదట్లో దురదలా ఉండేది. ఇప్పుడు, అది తెలుసుకునే హక్కు నాకు ఎక్కడిదీ అనిపిస్తుంది.

కానీ ఆ మధ్యాహ్నం నాకొక రోగం అంటించింది. ఎవరైనా గాలిలోకి చూసి క్షమాపణ చెబితే నేను ఊరుకోలేను. పోయిన ఉగాదికి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మా తమ్ముడు ఒక బొమ్మ పెట్టాడు. మామిడాకులు, దీపం, కింద 'తెలిసీ తెలియక ఎవరి మనసైనా నొప్పించి ఉంటే క్షమించండి' అని. అందరూ దణ్ణాలూ పూలూ పెట్టారు. నేను 'ఎవరిని? ఏ విషయానికి?' అని రాశాను. గ్రూపంతా చల్లబడిపోయింది. మా పిన్ని విడిగా ఫోను చేసి, పండగ పూట నీకిదేం పొయ్యేకాలమే అని చీవాట్లు పెట్టింది. పడ్డాను.

పొద్దువాలాక తమ్ముడే ఫోను చేశాడు. కాసేపు ఎండల గురించి మాట్లాడాడు. తర్వాత అన్నాడు. "అక్కా, అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నువ్వు అన్నిసార్లు చేస్తే ఎత్తలేదు. మీటింగులో ఉన్నానని చెప్పాను. మీటింగేం లేదు. ఫోను చేతిలోనే ఉంది. భయమేసి ఎత్తలేదు. నువ్వొక్కదానివే ఉన్నావు చివర్లో. ఆ విషయానికి."

ఏదో ఒక మంచిమాట అనేసి వాడి బరువు దింపడం ఎంతసేపు? వాడు ఏడుస్తున్నాడని కూడా తెలుస్తోంది. కానీ అది ఇంకా నాలో లేదు. లేనిది ఉందని చెప్పలేకపోయాను. "విన్నానురా. ఇప్పుడేమీ చెప్పలేను. రేపు చెయ్" అన్నాను.

చేశాడు. ఆ మర్నాడూ చేశాడు. ఇప్పటికీ చేస్తున్నాడు. అమ్మ గురించి మాట్లాడుకుంటాం, ఒక్కోసారి పోట్లాడుకుంటాం. ఆ మాట నేనింకా అనలేదు, వాడు తొందరపెట్టలేదు. సాయంత్రమయ్యేసరికి మాత్రం గదిలోకీ బాల్కనీలోకీ తిరుగుతూనే ఉంటాను. ఫోను మోగితే మొదటి రింగుకే ఎత్తుతున్నాను.